నూటికి రెండు

గురువారం పొద్దున్న పది కాకముందే మైకుని గేటు దగ్గర్నుంచి తీసేశారు.

తీసేయడమంటే ఇంటికి పంపడం కాదు. షావుకారు తమ్ముడు లారీ ఇంజను చప్పుడు ఆగేదాకా ఆగి, హమాలీలందరూ వింటుండగా, "నువ్వు లోపలికెళ్ళి చిరిగిన బస్తాల మూతులు కుట్టు. ఇక్కడ సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు. మైకు చెవి మీద నుంచి సుద్దముక్క తీసి కిటికీ అంచున పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా బస్తాలు లెక్కపెట్టిన మనిషి చేతిలోకి దబ్బనం, పురికొస వచ్చాయి. హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు భుజం మీది గుడ్డ తీసి, దులిపి, మళ్ళీ అక్కడే వేసుకున్నాడు.

మైకు అతని పేరు కాదు, గొంతు. మూడు లారీల ఇంజన్లు ఒక్కసారి మోగుతున్నా అతను పలికిన అంకె గోదాము చివరి వరసలో ఉన్నవాడికి వినపడుతుంది. చక్కెర, ఉప్పు, పిండి బస్తాలు అక్కడ దిగుతుంటాయి, ఎక్కుతుంటాయి. హమాలీ వీపున బస్తాతో గేటు దాటే క్షణంలో మైకు ఒక అంకె పలుకుతాడు. వంద కాగానే చెక్క మీద సుద్దతో ఒక గీత గీసి మళ్ళీ మొదటికి వస్తాడు. అతను చేసే పని అంతే. ఆ పని మీద గోదాము నిలబడి ఉంది.

ఇప్పుడు అతని మీద సాక్ష్యం చెప్పింది గేటు కమ్మీకి కట్టిన ఒక పెట్టె. సబ్బుపెట్టె అంత ఉంటుంది. షావుకారు కోడలు తయారుచేసింది. కంప్యూటర్ ఇంజనీరింగులో మాస్టర్స్ చేస్తున్న ఆవిడకి అది థీసిసు. మైకు పలికే అంకెల్ని పెట్టె వింటుంది, విన్న ప్రతి అంకెకీ ఒకటి చొప్పున కలుపుకుంటూ పోతుంది.

"ఆరు రోజులన్నయ్యా," అన్నాడు తమ్ముడు ఆ పొద్దున్నే, కాగితం షావుకారు ముందు పరిచి. "వీడు గీత గీసిన ప్రతి వందకీ పెట్టె విన్నది తొంభై ఎనిమిది. నిన్నా అంతే, మొన్నా అంతే. వచ్చిన బస్తాలు తక్కువ, వీడు గీసేది ఎక్కువ. లారీవాళ్ళతో లాలూచీ కాకపోతే ఏమిటిది?"

"ముప్పై ఏళ్ళ మనిషిరా."

"ముప్పై ఏళ్ళ నుంచీ నూటికి రెండేమో! ఎవరు చూశారు?"

షావుకారు కాగితం తిరగేసి చూశాడు. సరుకు నిలవ చూసి తేల్చుకుందామా అంటే పాత బస్తాల మీద కొత్తవి పేరుకుపోయి ఉన్నాయి. గోదాము మొత్తం ఖాళీ చేస్తే తప్ప తేలదు. పిడికెడు చక్కెర అరచేతిలో పోసుకుని తడి ఎంతో చెప్పగల మనిషి, ముప్పై ఏళ్ళు ఎదురుగా నిలబడ్డ మనిషిని మాత్రం ఆ పూట తూచలేకపోయాడు. తమ్ముడు గేటు వైపు నడుస్తుంటే ఆపలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం కోడలు యూనివర్సిటీ నుంచి సరాసరి గోదాముకే వచ్చింది. ముప్పై అయిదేళ్ళ మనిషి. క్లాసులో అందరూ ఆవిడకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళు. మొదటి నెల ఆంటీ అన్నారు, తమకి రాని లెక్కలు చెప్పించుకున్నాక అక్కా అంటున్నారు. "మా ఇంట్లో కూతురికీ పరీక్షలే, తల్లికీ పరీక్షలే. నాకే సెలవుల్లేవు," అని ఆవిడ భర్త నవ్వుతుంటాడు. వీపున పుస్తకాల సంచితోనే లోపలికి వెళ్ళి మైకు ఎదురుగా ఒక పిండి బస్తా మీద కూర్చుంది. కాస్త వెనకగా షావుకారు నిలబడ్డాడు.

"బాబాయ్, ఏమైంది?"

"ఏముందమ్మా. నీ పెట్టె వందకి రెండు తక్కువంది."

"మీరేమంటారు?"

మైకు దారానికి ముడి వేశాడు. "మొదట ఒళ్ళు మండింది. ఇప్పుడు కూర్చుని కుడుతుంటే ఆలోచనొస్తోంది. అది చదువుకున్నది కదమ్మా. దానికి నా మీద కోపమేముంది? నేనే ఎక్కడన్నా రెప్పపాటు పరధ్యానంగా ఉంటున్నానేమో. వయసైంది."

ఆ మాటకి కోడలు లేచి నిలబడింది. దొంగ అన్నందుకు మైకు కుంగలేదు. తన చెవి మీద, తన నోటి మీద తనకే నమ్మకం సడలింది. అది షావుకారుకి కూడా తెలిసింది గానీ, తమ్ముడు అన్న మాటని నలుగురిలో వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు.

*

శుక్రవారం, శనివారం, ఆదివారం కోడలు ముందుగదిలోని బల్ల ముందు నుంచి లేస్తే తిండికే లేచింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ముందు లాప్‌టాప్, పక్కన గళ్ళ కాగితం. ఏదో వింటుంది, కాగితం మీద చిన్న గీత పెడుతుంది, మళ్ళీ వింటుంది. షావుకారు పేపరు చదువుతున్నట్టు కూర్చుని అదే చూస్తున్నాడు. ఆదివారం పేపరు మూడోసారి తిప్పాక ఇక ఉండబట్టలేదు.

"ఏం వింటున్నావమ్మా మూడు రోజుల్నుంచీ? పాటలైతే నాకూ పెట్టు."

"చెత్త వింటున్నాను మామయ్యా."

ఆవిడ ఇయర్‌ఫోన్లు తీసి పెట్టె మూత విప్పి చూపించింది. వేలిగోరంత నల్లటి ప్రాసెసరు. "దీనిలో జాగా చాలా తక్కువ. బస్తాలు పట్టే గోదాము కాదు, మీ కళ్ళజోడు పట్టే డబ్బా అనుకోండి. అందుకని అంకెలు మాత్రమే నేర్పాను. అంకె కాదని తోచిన ప్రతి చప్పుడూ పక్కన పారేస్తుంది. హారను, దగ్గు, హమాలీల తిట్లు, అన్నీ. పారేసినవన్నీ ఒకచోట దాచమని చెప్పాను. నాలుగు వేల పైచిలుకు ఉన్నాయి."

"చెత్త కూడా దాచావన్నమాట!"

"అది ఎక్కడ పొరపడిందో అందులోనే కదా తెలిసేది."

షావుకారుకి ఆ మాట తన వేళ్ళ చివరలదాకా అందింది. కొత్తగా ఎవరి గోదాముకి వెళ్ళినా ఆయన బస్తాలు చూడడు. మూలన ఊడ్చి పోసిన పోగు చూస్తాడు. అందులో గింజ ఎంత, మట్టి ఎంత అన్నది చూస్తే యజమాని సంగతి తెలిసిపోతుంది. ఈ విద్య తనకి ఎవరూ నేర్పలేదు, తనూ ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్ల నాలుగు వేల దగ్గులూ తిట్లూ ఏరుకుంటూ కూర్చుంది. మొదటి రోజు ఎవరైనా కూర్చుంటారు. విసుగు పుట్టాక కూడా గీత వంకర పోకుండా పెడుతున్న మనిషిని ఆయన తన వ్యాపారంలో చాలా తక్కువమందిని చూశాడు.

"ఇంతకీ ఏమన్నా దొరికిందా?"

"దొరికినట్టే ఉంది, అర్థం కావట్లేదు. చూడండి, నూటికి రెండు, నూటికి రెండు. ఏ రోజు చూసినా రెండే. మనిషి దొంగతనం చేసినా, ఏమరుపాటు పడినా ఇంత సమంగా చేస్తాడా? ఒక రోజు అయిదు పోతాయి, ఒక రోజు అసలు పోవు. ఇంత వరసగా తప్పు చేసేది యంత్రమే." గళ్ళ కాగితం ముందుకి జరిపింది. "పారేసిన వాటిలో రెండు కేకలు ఉన్నాయి. ప్రతి వందలోనూ సరిగ్గా ఒకే చోట వస్తున్నాయి. ఒకటి మొట్టమొదట. ఇంకొకటి ఆరు తర్వాత. హమాలీల కేకలేమో అనుకుని వదిలేశాను. మీరు ఒకసారి వింటారా?"

షావుకారు ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకున్నాడు. ఇంజను మోత. దాని మీద మైకు గొంతు.

"ఏముంది ఇందులో? ఒకటి అంటున్నాడు."

"ఒకటి అనలేదు మామయ్యా. మళ్ళీ వినండి."

మళ్ళీ విన్నాడు. "ఒకటే అంటున్నాడమ్మా. చక్కగా వినపడుతుంటే!"

"మాట ఏమిటి? ఆయన పలికిన మాట ఉన్నదున్నట్టు చెప్పండి."

షావుకారు మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాడు. "లాభం," అన్నాడు. ఆ మాట తన నోటి నుంచి వచ్చాక గాని ఆయనకి అది వినపడలేదు.

"లాభమేమిటి?"

"లాభమంటే ఒకటే కదమ్మా!" షావుకారు ఇయర్‌ఫోన్లు లాగేశాడు. "సరుకు కొలిచేటప్పుడు, లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు. లాభం, రెండు, మూడు... అంతే. మా నాన్న అనేవాడు, నేనూ అంటాను. ఆరు తర్వాత ఏడు అనరు, ఏడుపు మాట అని. ఆరున్నొక్కటి అంటారు. ఆరున్నొక్కటి, ఎనిమిది, తొమ్మిది... పది దాటితే మామూలు అంకెలే."

కోడలు కుర్చీలో వెనక్కి వాలిపోయింది. ఆవిడ పుట్టింటివాళ్ళు దర్జీలు. మూరలూ అంగుళాలూ టేపు మీద చదువుతారు, పైకి పిలవరు. పెళ్ళయి వచ్చాక ఆ కేకలు దూరం నుంచి విన్నదే గాని, గేటు పక్కన నిలబడి వినే పని ఎప్పుడూ పడలేదు.

"లాబ్‌లో కూర్చోబెట్టి పెట్టెకి నేర్పినప్పుడు బాబాయ్ ఒకటి, ఏడు అనే అన్నారుగా మామయ్యా!"

"నువ్వేం ఇచ్చావు చేతికి?"

"కాగితం. ఒకటి నుంచి వంద దాకా అచ్చు వేసి..." ఆవిడ ఆగిపోయింది. "కళ్ళజోడు పెట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చదివారు. చదివించాను నేను. లెక్కపెట్టించలేదు."

షావుకారు ఆ మాట వినట్లేదు. నలభై ఏళ్ళుగా తన నోట్లోనే ఉన్న మాట. గురువారం నాడు తమ్ముడు కాగితం పరిచినప్పుడు ఒక్క క్షణం గేటు దగ్గర నిలబడి ఆ లెక్క వింటే చాలేది. అలవాటైన చెవికి ఆ మాట మాటలాగే తోచలేదు.

*

సోమవారం పొద్దున్నే ఇద్దరూ గోదాముకి వెళ్ళి తమ్ముడికి సంగతి చెప్పారు. తమ్ముడు బుర్ర గోక్కున్నాడు గాని, తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"పోన్లే, దొరికిందిగా. రెండు మాటలేగా! ఒరే మైకూ, ఇవాళ్టి నుంచి ఒకటి అను, ఏడు అను. పెట్టె వందకి వందా చెప్తుంది. రేపు యూనివర్సిటీలో అమ్మాయి థీసిసు రివ్యూలో కూడా వందే చూపించొచ్చు. అందరికీ బాగుంటుంది."

షావుకారుకీ అది లాభసాటిగానే తోచింది. పెట్టెకి రెండు మాటలు నేర్పాలంటే మళ్ళీ మొదటి నుంచి నేర్పాలట, వారాలు పడుతుందట. మనిషికి నేర్పాలంటే ఒక నిమిషం. ఏ కోణంలో చూసినా మనిషిని మార్చడమే తేలిక.

మైకు గేటు దగ్గర నిలబడ్డాడు. మొదటి హమాలీ బస్తాతో వచ్చాడు. మైకు నోరు తెరిచి, మూసి, "ఒకటి" అన్నాడు, ఎవరి మాటో అరువు తెచ్చుకున్నట్టు. రెండు, మూడు బాగానే వెళ్ళాయి. ఆరు తర్వాత నోట్లో మాట అడ్డం పడింది. ఏడో హమాలీ గేటు మధ్యలో వంగి నిలబడిపోయాడు.

"బాబాయ్, నడుం పడిపోతోంది. ఏదో ఒకటి అను!"

"ఒకటి అయిపోయిందిరా! ఇప్పుడు ఏ... ఏడు!"

అందరూ నవ్వారు. మైకు కూడా నవ్వాడు. కాని ఆ నవ్వు తర్వాత ముప్పై రెండా, ముప్పై మూడా అన్న దగ్గర అతను ఆగిపోయి వెనక్కి తిరిగి చూశాడు. ముప్పై ఏళ్ళలో మైకు వెనక్కి తిరిగి చూడటం షావుకారు ఎరగడు. అతని లెక్క కళ్ళలో ఉండదు, నోట్లో ఉంటుంది. మొదటి మాట తీసేస్తే మిగతావన్నీ పట్టు తప్పాయి.

"ఆపండి బాబాయ్," అంది కోడలు. "వద్దు. మీరు మాట మార్చకండి."

"రేపేగా నీ రివ్యూ?" అన్నాడు తమ్ముడు. "పెట్టెని మార్చడానికి టైమెక్కడుంది?"

"లేదు చిన్నమామయ్యా."

"మరి?"

"లేదని చెప్తాను."

ఆవిడ అక్కడే నిలబడి గైడుకి ఫోను చేసి సంగతి చెప్పింది. ఇంజన్ల మోతలో వినపడక స్పీకరు పెట్టడం వల్ల అందరూ విన్నారు. గైడు మేడమ్ గొంతు చల్లగా ఉంది. "నూటికి తొంభై ఎనిమిది అంటే ఎంత మంచి ఫలితమో నీకు తెలుసా? అంత చిన్న ప్రాసెసరు మీద! మిగతావాళ్ళు తొంభైకి తంటాలు పడుతున్నారు. ఆ రెంటి సంగతి చివరి పేజీలో ఒక వాక్యం రాయి. చాలు."

"ఆలోచిస్తాను మేడమ్," అని ఫోను పెట్టేసింది. ఏం చేస్తావని షావుకారు అడగలేదు. బేరం తెగే ముందు ఎదుటివాడిని కదిలించకూడదని ఆయనకి తెలుసు.

*

గోదాములో పరీక్ష జరిగిందని చెప్పడానికి యజమానిగా షావుకారుని కూడా రివ్యూకి రమ్మన్నారు. తెల్లటి గది, చేతికి పలక అతికించిన కుర్చీలు, గోడ మీద వెలుతురు. ఎదర ముగ్గురు పరీక్షకులు కూర్చున్నారు. నడిమి ఆయన పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు. షావుకారు చివరి వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కోడలు మొదటి అరగంట పెట్టె లోపలి సంగతులు చెప్పింది. ఎంత జాగాలో ఏమి ఇరికించిందో, ఎంత తక్కువ కరెంటుతో నడుస్తుందో, మోతలో నుంచి గొంతుని ఎలా విడదీస్తుందో. షావుకారుకి నాలుగో వంతు కూడా అర్థం కాలేదు. అయినా సరుకు తెలిసిన వాడు సరుకు గురించి చెప్పే తీరు ఆయనకి ఏ భాషలో అయినా తెలుస్తుంది. ఆవిడ ఎక్కడా గొంతు పెంచలేదు. తెలియని చోట తెలియదంది.

చివర్న గోడ మీద ఒక్క అంకె పడింది. తొంభై ఎనిమిది.

"బావుంది," అన్నాడు పెన్ను ఆయన. "చాలా బావుంది. అభినందనలు."

"ఇది నేను వెనక్కి తీసుకుంటున్నానండి."

పెన్ను మూత ఆగింది. గైడు మేడమ్ తల పైకెత్తింది.

"ఆ రెండు తప్పులు ఎక్కడో ఒకచోట పడే తప్పులు కావండి. ప్రతిసారీ అవే రెండు. లెక్కపెట్టే మనిషి ఒకటిని లాభం అంటారు, ఏడుని ఆరున్నొక్కటి అంటారు. నేను ఆయన చేత కాగితం చూసి చదివించాను, లెక్కపెట్టించలేదు. అందుకని నా యంత్రం ఆయన సొంత మాటల్ని చెత్త అనుకుని పారేసింది. నూటికి తొంభై ఎనిమిది అని నేను సంతోషపడుతున్న రోజుల్లో, ఆ రెంటి కోసం ఆయన్ని దొంగని చేసి గేటు దగ్గర్నుంచి తీసేశారు. పొరపాటు ఆయనది కాదు, నాది. మళ్ళీ గేటు దగ్గరే మాటలు సేకరించి, మొదటి నుంచి నేర్పడానికి ఇంకో టర్ము కావాలండి."

"ఇంకో టర్ము అంటే ఆర్నెల్లు. మీ క్లాసువాళ్ళంతా ఈ నెలే డిగ్రీ పుచ్చుకుంటారు," అన్నాడు ఆయన. "ఉన్నదున్నట్టు ఇచ్చినా ఇది పాసయ్యే పనేనమ్మా."

"పాసవుతుందనే భయమండి."

పెన్ను ఆయన పక్కవాళ్ళ వైపు చూసి, ఏదో రాసి, కాగితాలు ఒద్దికగా సర్దాడు. "టర్ము ఇచ్చాం," అన్నాడు. ఇంకేదో అనబోయి, లేచి, ఆవిడ వైపు తల కొద్దిగా వంచి వెళ్ళిపోయాడు.

బయటికి వచ్చాక మెట్ల మీద కోడలు నీళ్ళ సీసా మూత తీయలేకపోయింది. షావుకారు తీసుకుని మూత తీసి ఇచ్చాడు. ఏదో ఒక మంచి మాట అనాలని ఉంది. ఆయన బతుకంతా తన సరుకులో లోపం ఎదుటివాడు కనిపెట్టేదాకా తన నోటి నుంచి రానివ్వకుండా నెగ్గుకొచ్చిన బతుకు. కొనేవాడు చెయ్యి చాచి నిలబడ్డాక, ఇదిగో ఇక్కడ చిల్లు ఉందని చూపించినవాళ్ళని ఆయన ఇంతవరకూ చూడలేదు.

"నేనైతే ఆ మాట అనలేకపోయేవాణ్ణమ్మా," అన్నాడు చివరికి.

"నాకూ పొద్దున్నదాకా అనాలని లేదు మామయ్యా," అంది కోడలు, నీళ్ళు తాగి.

*

బుధవారం మొదటి లారీ వచ్చేసరికి షావుకారు గోదాములో ఉన్నాడు. మైకు ఇంకా లోపల బస్తాలు కుడుతున్నాడు. సోమవారం తర్వాత అతన్ని ఎవరూ గేటుకి పిలవలేదు, అతనూ రాలేదు.

"మెల్లగా పిలిచి నిలబెడదాం అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "పెద్దగా చేయడం ఎందుకు? ఎవరికీ తెలీకుండా సర్దుకుపోతుంది."

"తీసేసినప్పుడు అందరికీ తెలిసిందిగా."

షావుకారు వెళ్ళి గేటు మధ్యలో నిలబడ్డాడు. వీపున బస్తాలతో ఇద్దరు, ఖాళీ చేతులతో పదిమంది ఆగిపోయారు. ఆయన ఎప్పుడూ కుర్చీలోంచే పని చెప్పే మనిషి. నలుగురి ముందు నిలబడి మాట్లాడడం అలవాటు లేదు. గొంతు సన్నంగా వచ్చింది.

"గురువారం నాడు... మైకుని ఇక్కణ్ణుంచి తీసేయడం పొరపాటు. అతని లెక్క సరిగ్గానే ఉంది."

"వినపడలేదు షావుకారుగారూ!" అని లారీ మీది నుంచి ఒకడు అరిచాడు. వాడు ఎగతాళికి అనలేదు. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది.

షావుకారుకి చెవులు వేడెక్కాయి. ఆ ఒక్కమాటతో సరిపెట్టుకుని వెళ్ళి కూర్చోవచ్చు. తమ్ముడు ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన ఊపిరి పీల్చుకుని, ఈసారి ఛాతీలో నుంచి అన్నాడు.

"అతని లెక్క సరిగ్గానే ఉంది! తప్పు నాది! వినకుండా తీసేశాను!"

డ్రైవరు ఇంజను ఆపేశాడు. తమ్ముడు నేల చూపులు చూస్తూ, "నాది కూడా," అన్నాడు. అది దగ్గరున్నవాళ్ళకి మాత్రమే వినపడింది. బస్తా మోస్తున్న హమాలీ ఒకడు, "సరే గానండీ, ఇది దించమంటారా, మోస్తూనే ఉండమంటారా?" అన్నాడు. ఎవరో నవ్వారు.

మైకు చేతిలో ఉన్న బస్తా కుట్టు పూర్తి చేశాడు. ముడి వేసి, మిగిలిన దారం పళ్ళతో కొరికాడు. బస్తాని గోడవార నిలబెట్టి, మూతి గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసుకున్నాడు. ఆ తర్వాత నడిచి వచ్చి షావుకారు ఎదురుగా ఆగాడు. ఆయన ఇంకేమైనా అంటాడని హమాలీలు చూస్తున్నారు. మైకు ఏమంటాడోనని షావుకారు చూస్తున్నాడు.

"మీరు కాస్త పక్కకి జరిగితే," అన్నాడు మైకు మెత్తగా, "లారీ లోపలికొస్తుంది."

షావుకారు పక్కకి జరిగాడు.